తలగుడ్డ కింది ఉంగరాలు

వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్పై ఏడో సంవత్సరంలో, ఫాల్గుణ మాసంలో, ఏలూరు పట్టణంలో ధర్మం పునరుద్ధరింపబడినదని ఇందుమూలముగా సమస్త జనులకూ తెలియజేయడమైనది. ఆ పునరుద్ధరణకి తోడ్పడినవి కొన్ని అవిసె గింజలు, నూట అరవై తలపిన్నులు, ఒక పాత పంచె ముక్క. ఈ సంగతి సనాతన ధర్మ సంరక్షక సభవారి వార్షిక నివేదికలో కనిపించదు. నివేదికలు రాసేవారికి వేరే పనులుంటాయి కనక మనమే చెప్పుకోవాలి.

అంతకు ముందు ఏలూరులో ధర్మానికి వచ్చిన లోటల్లా సరస్వతి తల మీద ఉండేది. సరస్వతికి ఇరవయ్యొకటో ఏడు. పదకొండో ఏట పెళ్ళి చేశారు. పదమూడో ఏట గుండుగొలను నుంచి భర్త పోయాడని కబురొచ్చింది. ఆ భర్తని ఆమె రెండే సార్లు చూసింది. రెండోసారి ఆయనకి జలుబు చేసి ఉంది. అంతకు మించి ఏమీ జ్ఞాపకం లేని మనిషి కోసం జుట్టు తీయించుకోవడం దేనికో ఆమెకి ఎంత ఆలోచించినా బోధపడలేదు. తల్లి బతికున్నన్నాళ్ళూ "నా కళ్ళ ముందు మాత్రం వద్దు" అని అడ్డుపడింది. నిరుడు తల్లి పోయింది. ఆ వెనకే సరస్వతికి టైఫాయిడు వచ్చి జుట్టంతా రాలిపోయింది.

"చూశారా, సగం పని భగవంతుడే చేశాడు. మిగతా సగం చేయించడానికి మీకేమిటండీ కష్టం?" అన్నారు పురోహితులు రాఘవయ్యగారు. ఆయన ఆ ఇంటికి పురోహితులు, సంరక్షక సభకి అధ్యక్షులు. కాని జుట్టుకి శాస్త్రజ్ఞానం లేదు. ఏడాది తిరిగేసరికి నల్లగా, ఒత్తుగా, మెడ దాకా పెరిగి కూర్చుంది.

సరస్వతి అన్నగారు సూర్యప్రకాశరావుగారు హైస్కూల్లో చరిత్ర మేష్టారు. మహిళాభ్యుదయ సమాజానికి కార్యదర్శి కూడాను. వితంతువుల శిరోజాలను గురించి ఆయన తాడేపల్లిగూడెంలో ఉపన్యసిస్తే ఆడవాళ్ళే కాదు, అధ్యక్షత వహించిన ప్లీడరుగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అటువంటి మహనీయుడికి ఎనిమిదేళ్ళ కొడుకు ఉండడం, వాడికి వైశాఖంలో జందెం వేసి ఒడుగు చెయ్యవలసి రావడం సంస్కరణోద్యమానికి తగిలిన గట్టి దెబ్బ. జుట్టున్న విధవ తిరిగే ఇంట్లో తాను ఒడుగు చేయించననీ, మరొకరిని చేయించనివ్వననీ రాఘవయ్యగారు వీధి అరుగు మీద నుంచే సెలవిచ్చారు. అరుగు దాటి లోపలికి రావడం ఆయన అప్పటికే మానేశారు.

మేష్టారు రెండు రోజులు తీవ్రంగా ఆలోచించి చెల్లెల్ని పిలిచారు. "సంస్కరణ అనేది వీధిలో మొదలై, క్రమంగా ఇంట్లోకి రావాలమ్మా. ముందే ఇంట్లో మొదలుపెడితే వీధిలోకి తీసుకువెళ్ళడానికి మనిషి మిగలడు. చరిత్ర అంతా అదే" అన్నారు. వచ్చే బుధవారం రమ్మని మంగలి సూర్రావుకి కబురు పంపారు. సరస్వతి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఎవరైనా అడిగితే పొగ అని చెబుదామనుకుంది. ఎవరూ అడగలేదు.

ఇక్కడ మేష్టారి పురోగమన దృష్టిని తక్కువ చెయ్యకూడదు. ఆ ఆదివారమే కలెక్టరుగారి దొరసాని ఊళ్ళో పెద్దల ఇల్లాళ్ళకి తేనీటి విందు ఇస్తున్నది. తన భార్య వసుంధర ఆ విందుకి ఇంగ్లండు సీమ పద్ధతిలో ఉంగరాలు తిరిగిన జుట్టుతో వెళ్ళాలని ఆయన ఉత్తరువు చేసి, మద్రాసు పత్రికలోంచి ఒక బొమ్మ కత్తిరించి ఇచ్చారు. భార్య తల మీద జరిగే సంస్కరణకి ఏ పురోహితుడి అభ్యంతరమూ ఉండదు కదా.

బొమ్మ చూసి వసుంధరకి ఏమీ అర్థం కాలేదు. పెరటి గోడకి అవతల మిషను ఆస్పత్రి నర్సు రత్నమాణిక్యం ఉంటే ఆవిడకి చూపించింది. శనివారం పొద్దున్నే ఆవిడ గోడ మీదుగా ఒక డబ్బాడు పిన్నులూ, ఒక గిన్నెడు జిగురూ అందించింది.

"అవిసె గింజలు ఉడకబెట్టి గుడ్డలో పిండానండి. జుట్టు తడిగా ఉండగానే రాసి, వేలెడు వెడల్పున పాయ తీసుకుని, కొస దగ్గర నుంచి వేలికి చుట్టుకుంటా రావాలండి. మాడుకి ఆనించి, రెండు పిన్నులు అడ్డంగా గుచ్చెయ్యాలి. కొస మాత్రం లోపలికే పోవాలండీ వసుంధరగారూ. బయటికొచ్చిందంటే కొల్లేటి కొంగ ముక్కులాగా నిలబడిపోద్ది. ఆరేదాకా కదపకూడదండి."

సొంత తల మీద మొదటి ప్రయోగం చెయ్యడానికి వసుంధరకి ధైర్యం చాలలేదు. "సరస్వతీ, ముందు నీకు పెట్టి చూస్తానే. పాడైనా ఫరవాలేదు, బుధవారం ఎలాగూ..." అని నాలిక కరుచుకుంది.

 సరస్వతి పీట వాల్చుకుని కూర్చుంది. "కానీ వదినా. ఈ నాలుగు రోజులైనా దాని ముచ్చట తీరనీ" అంది.

ఎనభై ఉంగరాలయ్యాయి. ఉంగరానికి రెండు పిన్నులు. అంత జుట్టూ మాడుకి అంటుకుపోయి, గవ్వలు పరిచినట్టు అయింది. ఈగలు ముసరకుండా వసుంధర మేష్టారి పాత పంచె చింపి తలకి బిగించి కట్టింది. కట్టాక చూస్తే ఆ తల వెలక్కాయలా గుండ్రంగా ఉంది. కింద జుట్టు ఉందంటే కన్నతల్లి కూడా నమ్మదు.

సరస్వతి ఎండలో ఆరడానికి నూతిగట్టు మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే పైడమ్మ దొడ్డిదారిన వచ్చింది. పైడమ్మది కొల్లేటి లంక. వారానికోసారి తామరాకులు కోసుకొచ్చి బ్రాహ్మణ వీధిలో విస్తళ్ళకి అమ్ముతుంది. ఆ తెల్లగుడ్డ చూసి ఆకుల మోపు కింద పడేసింది.

"అయ్యో నా తల్లో! ఎంత జుట్టమ్మా నీది! తీయించేశారా! మా లంకల్లో మొగుడు పోతే మూణ్ణాళ్ళు ఏడిసి, ఆ వల మేమే పట్టుకుని నీళ్ళలోకి దిగుతామమ్మా. మా జుట్టు జోలికెవుడొస్తాడు? ఏం పాపం చేశావమ్మా, ఈ ఈదిలో పుట్టావు?" అంది. సరస్వతి నోరు తెరిచే లోపల కళ్ళొత్తుకుంటూ పక్కింటికి వెళ్ళిపోయింది. ఆ వీధిలో పదహారు ఇళ్ళున్నాయి. అందరికీ తామరాకులు కావాలి.

మధ్యాహ్నం కాకుండానే ఏలూరు శుద్ధి అయిపోయింది. రాఘవయ్యగారు స్వయంగా వచ్చారు. సందులోంచి పెరట్లోకి చూశారు, తెల్లగుడ్డ చూశారు, కళ్ళొత్తుకున్నారు. ఆనందబాష్పాలు కావచ్చునని చూసినవారు అనుకున్నారు. ఏడాది తరవాత మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చి, వైశాఖ శుద్ధ పంచమి బాగుందని చెప్పి వెళ్ళిపోయారు.

మేష్టారు ఒంటిపూట బడి నుంచి వస్తుంటే దారిపొడుగునా నమస్కారాలే. ఏమిటో తెలియకపోయినా ఆయన అన్నిటినీ స్వీకరించారు. ఇంటికొచ్చాక వసుంధర సరస్వతి తలగుడ్డ విప్పి పిన్నులు చూపిస్తే స్తంభానికి చేరగిలబడ్డారు.

"ఒడుగూ జరుగుతుంది, పిల్ల జుట్టూ ఉంటుంది. ఈ రెండింటిలో మీకేది అభ్యంతరమండీ?" అని వసుంధర నెమ్మదిగా అడిగింది. ఆయన తన ఉపన్యాసాల కట్ట ఒకసారి తిరగేసి, గుడ్డ మళ్ళీ కట్టెయ్యమన్నారు.

మర్నాడు పొద్దున్న తలుపులు వేసుకుని పిన్నులు తీశారు. జుట్టు అలలు అలలుగా మెడ మీద పడింది. సరస్వతి అద్దంలో చూసుకుని నవ్వింది. ఇంత అందంగా ఉంటానని తనకి ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్ళకి హక్కు లేదు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. వసుంధర కూడా ఏడ్చి, తరవాత పిన్నులు లెక్కపెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. పిన్నులన్నీ ధర్మరక్షణలో వినియోగమై ఉన్నందున ఆవిడ దొరసాని విందుకి మామూలు ముడితోనే వెళ్ళింది.

ఆ ఆదివారం ఉదయం సంరక్షక సభవారు మేష్టారికి శాలువా కప్పారు. "సొంత అభిప్రాయాలను కాలదన్ని సదాచారానికి తలవంచిన ధీరుడు" అని కొనియాడారు. సాయంత్రం మహిళాభ్యుదయ సమాజంవారు అదే మేష్టారిని ఖండిస్తూ సమావేశమయ్యారు. సమాజానికి కార్యదర్శి ఆయనే కనక సభకి పిలుపు ఆయనే పంపారు, ఖండన తీర్మానం ఆయనే చదివారు, "తీవ్ర విచారము" అన్న చోట "తీవ్రాతితీవ్ర" అని సవరణ కూడా ఆయనే ప్రతిపాదించారు. ఏకగ్రీవంగా నెగ్గింది. ఒకే రోజు రెండు పక్షాల చేతా గుర్తింపబడిన నాయకుడు ఆ జిల్లాలో అంతవరకూ లేడు.

సోమవారం సూర్రావు సంరక్షక సభకి విన్నపం పెట్టుకున్నాడు. బుధవారం రమ్మని తనకి చెప్పి, శనివారమే వేరెవరిచేతో చేయించడం తాతల నాటి హక్కుకి భంగమన్నాడు. వసుంధర, "తాడేపల్లిగూడెం నుంచి పిలిపించామండి" అని కబురు పంపింది. దాంతో విషయం మరింత గంభీరమైంది. ఒక ఆడపిల్ల జుట్టు పోయినందుకు కలత చెందని పెద్దలు పదకొండు మంది, అది గూడెం మంగలి చేతుల మీదుగా పోయినందుకు మూడు గంటలు కలత చెందారు. పైఊరి పని నాణ్యత నమ్మదగింది కాదనీ, బుధవారం సూర్రావు చేత మళ్ళీ చేయించాలనీ, అధ్యక్షులవారు దగ్గరుండి చూడాలనీ తీర్మానించారు.

ఆ రెండు రోజులూ సరస్వతికి అన్నం సయించలేదు. అంతకు ముందు పోయేది జుట్టే అనుకుంది. ఇప్పుడు అద్దంలో చూసిన మనిషి కూడా పోతుందని తెలిసింది. "నూతిలో దూకుతాను వదినా" అంది ఒకసారి. వసుంధర నూతి మీద తలుపు వేయించింది. మేష్టారు, "చూద్దాం" అని చెప్పి బడికి వెళ్ళిపోయారు.

బుధవారం సూర్రావు కత్తుల పొది పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. రాఘవయ్యగారు లోపల, తలుపు చాటున, మర్యాద కోసం వీపు తిప్పి కూర్చున్నారు. సరస్వతి తనే గుడ్డ విప్పింది. తల మాత్రం దించలేదు.

సూర్రావు చూశాడు. ఎనభై ఉంగరాలు, నూట అరవై పిన్నులు. తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇదేటి చిన్నమ్మగారూ?"

"నా జుట్టు సూర్రావూ" అంది సరస్వతి. "నీ హక్కు నీదే. తీసెయ్యి."

అతను గొంతుక్కూర్చుని రాయి తీశాడు, నీళ్ళు చల్లాడు, కత్తి నూరడం మొదలుపెట్టాడు. నూరుతూనే ఉన్నాడు. "ముప్పయ్యేళ్ళ బట్టి చేస్తన్నానమ్మా. ఈ పని చేసిన రోజున ఇంటికెళ్తే ముద్ద దిగదు. నాకూ కూతుళ్ళున్నారు" అన్నాడు. అరగంట కత్తి నూరి, గుడ్డ తనే తీసి ఆమె చేతికిచ్చి, నీళ్ళ గిన్నె పట్టుకుని లేచాడు.

"అయిందండి" అన్నాడు లోపలికి వెళ్ళి.

రాఘవయ్యగారు గిన్నెలోకి చూశారు. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఒక్క వెంట్రుక లేదు. తన ఇంట్లో ఇలాంటి గిన్నె ఎలా ఉంటుందో ఆయన ఎరుగుదురు. చాలాసేపు చూశారు. గడప అవతల సరస్వతి గుడ్డ మళ్ళీ కట్టుకుంటూ నిలబడింది.

"శుభ్రంగా చేశావు సూర్రావూ. గూడెంవాడి కంటే నయం" అన్నారు ఆయన, కండువా దులుపుకుని లేచి.

గురువారం మిట్టమధ్యాహ్నం, వీధి అంతా భోజనాల మీద ఉన్న వేళ, దొడ్డితలుపు చప్పుడైంది. సరస్వతి తీసింది. రాఘవయ్యగారు. ఆయన వెనక, తెల్లచీర ముసుగులో, కూతురు ప్రభావతి. పదహారేళ్ళ పిల్ల. రెండేళ్ళ కిందట భర్త పోయి ఆమె జుట్టు తీయించినప్పుడు సభవారు ఆయనని సత్కరించారు.

"మూణ్ణెల్లుగా జ్వరం వంక పెట్టి క్షౌరం ఆపుతున్నానమ్మా" అన్నారు ఆయన. వేదం చెప్పే గొంతు బొత్తిగా నీరసంగా ఉంది. ముసుగు కాస్త తొలగించారు. పిల్ల తల మీద నల్లగా, రెండు వేళ్ళ ఎత్తున జుట్టు లేచి ఉంది. "సూర్రావు చెప్పాడు. మీ వదినగారు పెట్టే ఆ పిన్నులు నిలవాలంటే ఎన్ని వేళ్ళ పొడుగుండాలి?"

సరస్వతికి మొదట మండుకొచ్చింది. ఈ మనిషే కదా అనుకుంది. తరవాత ప్రభావతి కళ్ళు చూసింది. చెయ్యి చాచి, ఆ పిల్ల తల మీద తన వేళ్ళు ఆనించి కొలిచింది.

"నాలుగు వేళ్ళుండాలండీ. ఇంకో మూణ్ణెల్లు ఆపగలరా?"

"సూర్రావుతో మాట్లాడాను. ఈ మాట మీ అన్నయ్యకి మాత్రం తెలియనివ్వకమ్మా. పాపం, సంస్కర్త. సభలో అనేస్తాడు."

ఆ తరవాతి ఆదివారం సంరక్షక సభ వార్షికోత్సవంలో రాఘవయ్యగారు రెండు గంటలసేపు ఉపన్యసించారు. విషయం, విధవలకు కేశఖండనము యొక్క ఆవశ్యకత. శాస్త్రప్రమాణాలు నలభై చూపించారు. గొంతు ఒక్కసారైనా తడబడలేదు. తెర వెనక కూర్చున్న తెల్లముసుగుల ఆడవాళ్ళలో సరస్వతీ ఉంది. పక్కన కూర్చున్నామెని, ఆ పక్కామెని చూసింది. కొన్ని తలలు మరీ నున్నగా, మరీ జాగ్రత్తగా కట్టి ఉన్నాయి. ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఉపన్యాసం ముగిశాక పట్టణంలోని గృహస్థులు రెండువందల మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఎవరి ఇంట్లో ఏముందో వాళ్ళకి తెలుసు. మీ తాతగారు కూడా కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టారు, మీ ఇంటి వైపు ఎవరూ చూడకుండా.