కమిషనర్ గారి కాలిపట్టీ

టాడ్‌లాక్ కౌంటీలో ఇకమీదట కేసు తేలని మనిషెవడూ జైల్లో మగ్గడని, కాలికో పట్టీతో ఇంట్లోనే హాయిగా కాఫీ తాగుతూ న్యాయం కోసం ఎదురుచూస్తాడని కమిషనర్ వెండెల్ హాగ్‌స్టన్ గారు సోమవారం పొద్దున్న కోర్టు మెట్లమీద నిలబడి ప్రకటించారు. ప్రకటించి ఊరుకుంటే ఇక ఆయన గొప్పేముంది? ప్యాంటు మోకాలిదాకా మడిచి, కాలు కుర్చీమీద పెట్టి, "నాక్కూడా ఒకటి తగిలించండి, జనం చూస్తారు" అన్నారు.

తగిలించింది వాండా ప్రూయిట్. కేసు తేలేదాకా ముద్దాయిల్ని కనిపెట్టుకుని ఉండే ఆఫీసులో ఆవిడది తొమ్మిదేళ్ల సర్వీసు. ఆవిడ తగిలించే కాలిపట్టీ, మనిషి ఎక్కడున్నాడో కంప్యూటర్‌కి చేరేస్తుంది. రాత్రి తొమ్మిది దాటాక గడప దాటినా, ఏ వేళప్పుడైనా కౌంటీ పొలిమేర దాటినా కీచుమని అరుస్తుంది.

"చేతి గడియారమంత తేలిగ్గా ఉందయ్యా," అని కమిషనర్ గారు రెండు గంతులేసి చూపించారు. కెమెరాలవాళ్లు మూడో గంతు అడిగితే అదీ వేశారు. అంత నిరాడంబరుడు.

వెనకవరసలో లోనీ బ్రాష్ ఆ గంతులు చూస్తున్నాడు. పథకాన్ని ముందుగా ఎవరిమీద పరీక్షించారో వాళ్లలో ఒకడు, అతని కాలికి పట్టీ పడి అప్పుడే నాలుగు నెలలు. పాలలారీ డ్రైవరు. ఎవరిదో జనరేటర్ ఎత్తుకుపోయాడని కేసు. పాలకేంద్రం వంతెన అవతల, పక్క కౌంటీలో ఉంది. వచ్చే సోమవారానికి లారీ ఎక్కకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటామని కంపెనీ కబురు పెట్టింది. విచారణ చూస్తే ఫిబ్రవరిలో. నేరం ఒప్పేసుకుంటే మాత్రం ఆ పూటే పట్టీ ఊడుతుంది.

"చెయ్యని పని చేశానని ఏ నోటితో చెప్పను, వాండమ్మా?" అంటాడు. ఎన్నిసార్లడిగినా అదే మాట.

ఫొటోలయ్యాయి. కమిషనర్ గారు కాలు చాపి, "ఇంక తియ్యమ్మా" అన్నారు.

"కేసు తేలాలండి," అంది వాండా.

"ఏం కేసు?"

"కేసు నంబరు లేందే పట్టీ పనిచెయ్యదండి. నేరం రాయందే నంబరు రాదు. జాబితాలో మొదట ఏదుంటే అది నొక్కాను. మీరు తేనెపెట్టె దొంగిలించారు."

కమిషనర్ గారు పకపకా నవ్వారు. వాండా నవ్వకపోయేసరికి ఆపేశారు.

పట్టీల కంపెనీకి ఫోన్ చేస్తే, కోస్తే అదింకో నేరమన్నారు. ఈ దిక్కుమాలిన రూలు పెట్టిందెవరని ఆయన గర్జిస్తే ఆయన సంతకమున్న కాగితమే పంపించారు. కేసు కొట్టెయ్యమని అర్జీ పెట్టుకోవచ్చుగానీ, దాని విచారణకి పదకొండు వారాలు పడుతుంది. ఈలోగా కంప్యూటర్ ఆయన వివరాలన్నీ నమిలి, పిలిచిన చోటికి ఈయన రాడని, పట్టీ తియ్యకూడదని తేల్చింది. కౌంటీ సమావేశాలు ముప్ఫయ్యొక్కసార్లు ఎగ్గొట్టిన లెక్క దాని దగ్గరుంది మరి.

మంగళవారం చర్చి విందులో కమిషనర్ గారు గోడవారగా కూర్చుని, కాలికి ఛార్జింగ్ పెట్టుకుని బీన్స్ తిన్నారు. బుధవారం కౌంటీ సమావేశంలో మొదటినుంచి చివరిదాకా కూర్చున్నారు. ఆయన నిబద్ధతకి సభ్యులు చప్పట్లు కొట్టారు. ప్లగ్గు ఆ కుర్చీ పక్కనే ఉంది.

అయితే శనివారం రాజధానిలో ఈ పథకానికే ఆయనకి అవార్డు. రాజధాని వంతెన అవతల. గురువారం పొద్దున్నే ఆయన జడ్జి మేబెల్ ఆర్నెట్ గారి ముందు నిలబడ్డారు.

"తేనెపెట్టె మీరే దొంగిలించారా?"

"నేనేనండి."

"ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదండి. మనస్ఫూర్తిగా దొంగిలించాను."

"ఎవరిది?"

"చీకట్లో అడగలేదండి."

"అంత బరువు ఒక్కరే మోశారా?" అని జడ్జమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"ప్రజాసేవలో భుజాలు గట్టిపడ్డాయండి."

నాలుగు నిమిషాల్లో కేసు మూసేశారు. ఇంతవరకూ అనుభవించిందే శిక్ష అన్నారు. పట్టీ ఊడింది. బయట పత్రికలవాళ్లతో ఆయన, "మూడు రోజుల్లో నేరస్తుడి చేత నిజం చెప్పించిన పథకం దేశంలో ఇంకోటుంటే చూపించండి" అన్నారు. ఎవరూ చూపించలేకపోయారు.

శుక్రవారం లోనీ వచ్చి వాండా ఎదురుగా కూలబడ్డాడు.

"ఒప్పేసుకుంటానమ్మా."

నాలుగు నెలలు నిలబడ్డ మనిషి. వాండా కేసు తెరిచింది.

"జనరేటర్ కాదు," అన్నాడు లోనీ. "అది నిజంగానే ఎవడిదో పోయింది. నేనే తీశానంటే వాడు చచ్చేదాకా నన్ను తిట్టుకుంటాడు. తేనెపెట్టె రాయండి. అది పోలేదని ఊరంతటికీ తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధానికి పాపం అంటదు."

ప్రాసిక్యూటర్‌కి ఫోన్ చేస్తే, ఏదో ఒకటి ఒప్పుకుంటే చాలు, జనరేటర్ వదిలేస్తానన్నాడు. వాండా జాబితాలో తేనెపెట్టె నొక్కింది. ఆ నేరం చేసినవారు దొరికిపోయారని కంప్యూటర్ చెప్పింది.

"అది కమిషనర్ గారు తీసేసుకున్నారు, లోనీ. ఖాళీ లేదు."

లోనీ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే ఆయనతో కలిసి మోశానని రాయండి. ఒక్కడే ఎలా మోశాడని జడ్జమ్మకీ అనుమానమేనంట కదా."

వాండా ఆ మాటే టైపు కొట్టింది. ఇద్దరైతే అది కుట్ర అవుతుందని, మొదటి ముద్దాయి తోడుదొంగని దాచాడు గనక అతని కేసు తిరగదోడి మళ్లీ పట్టీ తగిలించాల్సి ఉంటుందని, సమ్మతమేనా అని కంప్యూటర్ అడిగింది. తొమ్మిదేళ్లలో దాని ప్రశ్నకి వాండా ఆలోచించింది ఈ ఒక్కసారే. చల్లారిన కాఫీ ఒక గుక్క తాగి, మీట నొక్కింది.

మధ్యాహ్నం జడ్జమ్మ లోనీని అడిగింది. "పెట్టె ఇద్దరూ సమానంగా మోశారా?"

"లేదండి. బరువంతా నేనే మోశాను. ఆయన వెనకాల నడుస్తూ ఉపన్యాసం ఇచ్చారు."

"ఇది నమ్మేటట్టుంది," అని జడ్జమ్మ సంతకం పెట్టింది.

సోమవారం లారీకి వస్తున్నానని లోనీ కోర్టు వరండాలోంచే కంపెనీకి ఫోన్ చేస్తుంటే, వాండా వంగి అతని పట్టీ విప్పింది. గురువారం కమిషనర్ గారికి ఊడింది అప్పటికే ఇంకొకరి కాలికెక్కింది గనక ఆఫీసులో మిగిలిన పట్టీ అదొక్కటే. వెచ్చదనం ఆరకముందే దాన్ని, మర్నాటి అవార్డుకి సిద్ధమవుతున్న కమిషనర్ గారింటికి పంపించారు.