రేడియేటర్ మీద హైమవతి పేరు

గోంగూర జాడీలో తడి చెంచా పెట్టిందెవరన్న విషయం మీద ఆదివారం పొద్దున సత్యప్రసాద్‌కీ అతని భార్య హైమవతికీ మాటామాటా వచ్చింది. నోటిదాకా వచ్చిన జవాబును హైమవతి మింగేసింది. ఆ క్షణంలోనే వరండా ముందు ఆగి ఉన్న, ఇంకా తాళం కూడా తిప్పని కారు బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

"చూశావా, మళ్లీ," అన్నాడు సత్యప్రసాద్ ఇడ్లీ తుంచుతూ.

"చూశాను," అని హైమవతి స్టవ్ కట్టేసి, చెంబుతో నీళ్లూ ఒక పాత గుడ్డా పట్టుకుని బయటికి వెళ్లింది. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదని ఆమెకు తెలుసు కాబట్టి మెట్టు మీద కూర్చుని అది చల్లారేదాకా చూసింది.

ఇందులో వింతేమీ లేదు. పదిహేనేళ్లు దాటిన ప్రతి కారుకీ ఇంట్లో ఒక మనిషిని శీతలకర్తగా నమోదు చేయించాలన్న నిబంధన ఆ ఊళ్లో చాలాకాలంగా ఉంది. ముసలి ఇంజన్ పుట్టించే వేడిని ఉత్త కూలెంట్ మోయలేదు. మిగిలింది ఆ మనిషి తన నెమ్మదితో మోయాలి. రెండు ఫొటోలు, వేలిముద్ర, 'ఎదురు చెప్పే అలవాటు లేదు' అని గెజిటెడ్ అధికారి సంతకం చేసిన పత్రం ఇస్తే, రవాణా కార్యాలయం వాళ్లు చిన్న రేకు మీద పేరు కొట్టి రేడియేటర్‌కి బిగిస్తారు. శీతలకర్త ఆడో మగో నిబంధనలో ఎక్కడా లేదు. ఎవరి పేరైనా ఇవ్వచ్చు. అయితే ఇప్పటివరకూ వచ్చినవన్నీ ఇంట్లో ఉండే ఆడవాళ్ల పేర్లే కావడంతో, పని తేలికవుతుందని రేకుల మీద 'శ్రీమతి' అన్న మాట ముందే కొట్టించి ఉంచుకున్నారు.

హైమవతి పేరు బిగించి ఆరేళ్లయింది. మే నెల మధ్యాహ్నం సత్యప్రసాద్ ఫస్ట్ గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు, ఇక్కడ వంటింట్లో ఆమె ఒక చెంబెడు నీళ్లు తాగి కాసేపు ఫ్యాన్ కింద కూర్చునేది. అంతకుమించి ఇబ్బందేమీ ఉండేది కాదు. ఈ రెండు నెలల నుంచే లెక్క తప్పింది. సాయంత్రం గీత దాకా పోసిన కూలెంట్ పొద్దుటికి రెండు వేళ్లు దిగుతోంది. కారు సందు మలుపు తిరగకముందే వేడి ముల్లు ఎర్రగీతను తాకుతోంది.

వచ్చే నెల ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ఇన్‌స్పెక్టర్ ఎదుట ముల్లు ఎర్రగీత తాకితే, శీతలకర్త ఖాళీ అయినట్టు రాసి, ఆ ఇంట్లో అర్హత ఉన్న తర్వాతి మనిషి పేరు ఎక్కిస్తారు. హైమవతి కూతురు ప్రణవికి మొన్న వానాకాలంలో పద్దెనిమిది నిండాయి. ప్రణవి డిగ్రీ మొదటి సంవత్సరం. కాలేజీ బస్సులో రెండు సీట్లకు అడ్డంగా కాళ్లు చాపుకున్న సీనియర్‌ని లేపి, ఊరు వచ్చేదాకా నిలబెట్టిన పిల్ల. ఎదురింటి అమ్మాయి కూడా ఒకప్పుడు అలాగే ఉండేది. పోయినేడు వాళ్ల జీపుకి ఆ పిల్ల పేరు బిగించారు. ఇప్పుడు ఏమడిగినా "మీ ఇష్టం" అంటుంది. పిల్ల చాలా మంచిదైపోయిందని వీధి వీధంతా మెచ్చుకుంటోంది. ఆ మెచ్చుకోలు వినబడ్డప్పుడల్లా హైమవతి కిటికీ మూసేది.

అందుకని నీళ్లెక్కడికి పోతున్నాయో పరీక్షకు ముందే తేల్చాలని ఆమె వారం కిందటే నిశ్చయించుకుంది. బీయస్సీలో ఆమెది ఫిజిక్సు. ప్రయోగశాల వదిలిన తర్వాత, కచ్చితమైన జవాబున్న ప్రశ్న ఆమె చేతికి రావడం ఇదే మొదటిసారి. సాయంత్రం కారు కింద పాత పేపర్లు పరిచి, పొద్దున తీసి వెలుతురులో చూసింది. చుక్క లేదు. రబ్బరు గొట్టాల మీద, క్లిప్పుల చుట్టూ ముగ్గుపిండి చల్లింది. తడిస్తే నల్లబడాలి. తెల్లగానే ఉంది. ముందు సీటు కింద పట్టా ఎత్తి అరచేత్తో అదిమి చూసింది. పొడి. ఒక్కో చోటు పొడిగా తేలినకొద్దీ ఆమెకు హుషారు పెరిగింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. బట్టలు ఆరేస్తూ ఆగిపోయి, "బయటికి పోవట్లేదంటే లోపలికే పోతున్నాయి," అని తనలో తనే నవ్వుకుంది.

కారు కొన్నది ఆమె మావగారు బసవయ్య. చిల్లు ఉంటే పసుపు పూడ్చేస్తుందని ఆయన రేడియేటర్లో గుప్పెడు పసుపు పోయించారు. అదే కారణంతో కోడలికి పూటకో గ్లాసు పసుపు పాలు ఇప్పించారు. రెండు చోట్లా రంగు మారింది, నీళ్లు పోవడం ఆగలేదు.

ఆటోనగర్‌లో మస్తాన్‌వలి ఒకసారి మూత మార్చాడు, ఇంకోసారి వాటర్ పంపు మార్చాడు. మార్చిన ప్రతిసారీ "ఇంక చూసుకోండి సార్, ఐసు గడ్డే," అన్నాడు. ఈ ఆదివారం కారుతో పాటు హైమవతి కూడా వచ్చింది.

"ప్రెషర్ పెట్టి చూద్దాం," అంది ఆమె.

"బండికా మీకా?"

"ఇద్దరికీ."

మస్తాన్‌కి ఆ మాట నచ్చింది. రేకు ఉన్న వైపు స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టాడు. రేడియేటర్ మూతి మీద గేజీ బిగించి గాలి కొట్టాడు. ముల్లు కదలకుండా నిలబడింది. "సార్, ఇప్పుడు మీరు మాట్లాడండి," అన్నాడు.

"ఏం మాట్లాడమంటావు?"

"ఇంట్లో మాట్లాడేదే."

సత్యప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "తడి చెంచా పెడితే జాడీ అంతా బూజు పడుతుందని కొంచెం చదువుకున్న వాళ్లకైనా తెలియాలి," అన్నాడు.

హైమవతి గుటక వేసింది. గేజీ ముల్లు రెండు గీతలు పడిపోయింది. మస్తాన్ బండి కిందికి దూరి లైటు వేసి వెతికాడు. నేల మీద ఒక్క బొట్టు లేదు. ఇంజన్ స్టార్ట్ చేయించింది హైమవతి. సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ వచ్చింది. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి వెనక్కి వెళ్లి, వంగి వాసన చూసింది.

"తియ్యగా ఉంది," అంది. మొహం వెలిగిపోతోంది. "సిలిండర్లోకి దిగి మండిపోతున్నాయి. వాటిని అటు పోకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయింది. మింగిన జవాబు ఎక్కడికో పోదు కదా. లోపలే కాలుతుంది. కాలడానికి నీళ్లను వాడుకుంటుంది."

"మరి నేను మార్చిన పంపు?"

"బాగుంది. పాతదీ బాగానే ఉండేది."

మస్తాన్ తల గోక్కున్నాడు. తర్వాత అతనికీ హుషారొచ్చింది. గాస్కెట్టేనని రూఢి కావాలంటే మింగకుండా ఒక చుట్టు తిరిగి రావాలన్నాడు. సత్యప్రసాద్ నడిపాడు. హైమవతి ముందు కూర్చుంది. మస్తాన్ వెనక సీట్లోంచి మెడ చాపి వేడి ముల్లునే చూస్తున్నాడు. ఫ్లైఓవర్ మొదట్లోనే అది ఎర్రగీత ఎక్కింది.

"మొదలెట్టండక్కా," అన్నాడు మస్తాన్.

"చెంచా పెట్టింది మీరే," అంది హైమవతి రోడ్డు వైపే చూస్తూ. "నిన్న రాత్రి గోంగూర వేసుకున్నది మీరొక్కరే. ప్రణవి తినలేదు. మావయ్యగారికి పడదు. నేను కూర్చునేసరికి మీరు జాడీ లోపల పెట్టేశారు."

ముల్లు ఎర్రగీత దిగింది.

"దిగింది సార్, దిగింది. ఇంకోటి వెయ్యండక్కా."

"మా తమ్ముడి గృహప్రవేశానికి సెలవు దొరకలేదన్నారు. ఆ రోజు రెండో శనివారం."

"అబ్బ," అన్నాడు మస్తాన్. ముల్లు మధ్యకొచ్చింది.

"ఎమ్మెస్సీ చదువుతానంటే వచ్చే ఏడు చూద్దామన్నారు. ప్రణవి పుట్టకముందు. ఇంకా చూస్తూనే ఉన్నారు."

ఇంజన్ చప్పుడు మెత్తబడింది. ఆ కారు ఎన్నో ఏళ్ల తర్వాత థర్డ్ గేరులో ఫ్లైఓవర్ ఎక్కింది. వెనక అద్దంలో పొగ లేదు. హైమవతి కిటికీ దించి గాలి మొహానికి తగలనిచ్చింది. సత్యప్రసాద్‌కి బండంటే ప్రాణం కాబట్టి సంతోషించాల్సిందే. చొక్కా మాత్రం వీపుకి అతుక్కుపోయింది.

"పికప్ కూడా వచ్చింది," అన్నాడు నీరసంగా.

షెడ్డుకి తిరిగి వచ్చాక అతను మస్తాన్‌ని పక్కకు పిలిచాడు. "ఇదంతా లేకుండా పోసే పొడి ఏదీ లేదా?"

"పసుపు కూడా పోసి చూశారుగా సార్. గాస్కెట్ వేయాలంటే హెడ్డు విప్పాలి. సెట్టవడానికి మూడు వారాలు. ఆ మూడు వారాలూ అక్క ఏదీ మింగకూడదు. పాతవి పాచిలాగా పట్టుకుని ఉంటయ్, అవి కూడా రావాలి."

"పోనీ, వేడిని పట్టి ఉంచే థర్మోస్టాట్ వాల్వ్ తీసేస్తే?"

"పది నిమిషాల పని. అసలు వేడెక్కదు. కానీ మొన్న ఒకావిడకి తీసేశాం. సొంత అన్న కూతురి పెళ్లిలో బస్టాండులో కూర్చున్నట్టు కూర్చుందంట. భోంచేశావా అంటే ఏమోనందంట." మస్తాన్ చేతులు తుడుచుకున్నాడు. "లేదంటే పేరు మార్చుకోండి. కొత్త మనిషి కొత్తలో బాగా పట్టుద్ది."

రాత్రి భోజనాల దగ్గర బసవయ్య పీట లాక్కుని, సంగతేమిటో చెప్పమన్నారు. దోసకాయ పప్పు కలుపుకుంటూ సత్యప్రసాద్ మూడు మార్గాలూ చెప్పాడు. తాను చెప్పించుకున్న జవాబుల వివరాల్లోకి వెళ్లలేదు. వాల్వ్ మాట వచ్చినప్పుడు బసవయ్య కోడలి వంక చూసి, వండేది ఎవరన్నట్టు తల అడ్డంగా ఊపారు.

"పేరు మార్చడం సులువు," అన్నారు. "ప్రణవిది పెడదాం. ఇంకా వాడని మనిషి."

"నేనేమన్నా టైరునా తాతయ్యా?" అంది ప్రణవి.

"అదిగో, ఆ నోరే సర్దుకుంటుంది," అన్నారు ఆయన ప్రేమగానే.

హైమవతి వేపుడు గిన్నె కింద పెట్టింది. కూతురి నోరు సర్దుకోకూడదన్నది ఆమె అసలు కారణం. కానీ అది బండికి సంబంధించిన కారణం కాదు కాబట్టి ఇంకోటి చెప్పింది.

"దాని పేరు పెడితే, రేపు పెళ్లయి వెళ్లినరోజు రేకు ఊడదీయాలి మావయ్యగారూ. అత్తారింట్లో పాతబండి ఉంటే వాళ్లే ముందు బిగించుకుంటారు. మన బండి మధ్యలో ఆగిపోతుంది. నాకైతే వెళ్లే చోటు లేదు."

మగవాళ్లిద్దరూ ఆ కోణంలో ఆలోచించలేదు. బసవయ్య ముద్ద నమిలినంతసేపూ ఆలోచించారు. చివరికి ఆయన చెయ్యి కంచంలో ఉంచే నిర్ణయం చెప్పారు.

"గాస్కెట్టే వేయిద్దాం. పేరు మార్చొద్దు. మూడు వారాలు రెండుపూటలా ఇక్కడే అమ్మాయి చెప్తుంది, మనం వింటాం. మధ్యలో ఎవరూ లేవకూడదు. చుట్టాలొస్తే ఆ పూట వాయిదా."

సత్యప్రసాద్ మంచినీళ్లు తాగాడు. "మూడు వారాలేగా," అన్నాడు.

"ఆ తర్వాత?" అంది ప్రణవి.

"ఆ తర్వాత గాస్కెట్ ఐదేళ్లు పట్టుద్దమ్మా. ఐదేళ్లదాకా హెడ్డు విప్పే పనే ఉండదు," అన్నాడు సత్యప్రసాద్ మస్తాన్ మాటల్లోనే.

ప్రణవి తల్లి వైపు చూసింది. హైమవతి అప్పటికే లెక్కలో పడింది. పెళ్లయిన ఏడు నుంచి వరసగా రావాలా, ఇవాళ్టి నుంచి వెనక్కి వెళ్లాలా, పొద్దుటి పూటకు చిన్నవి, రాత్రికి పెద్దవి పెట్టుకోవాలా అని ఆలోచిస్తుంటే ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. ఇంత సంతోషంగా ఆమెను ఈ మధ్య ఎవరూ చూడలేదు. ఒక్క సందేహమే మిగిలింది.

"మావయ్యగారూ, రాబోయే ఐదేళ్లవి కూడా ఇప్పుడే చెప్పేసుకోవచ్చా?"

"నిక్షేపంగా చెప్పుకో అమ్మాయ్," అన్నారు బసవయ్య, మజ్జిగ కోసం కంచం ముందుకు జరుపుతూ. "ఎటూ తెలిసినవేగా."