గురువారం పదిన్నరకు పువ్వు కనుగొనబడును

కొండప్రాంతాల వైభవ శాఖ మంత్రిగారు వచ్చే గురువారం ఉదయం పదిన్నర గంటలకు ఒక అరుదైన అడవిపువ్వును కనుగొంటారని పత్రికలకు ప్రకటన వెళ్ళింది. అరవై ఏళ్ళుగా ఎవరికీ కనపడని పువ్వు అది. అలాంటిదాన్ని గంట, నిమిషంతో సహా ముందే చెప్పి కనుగొనగల నాయకుడు మరే శాఖలోనూ లేడని ఘంటాపథంగా చెప్పగలను. ఆ ప్రకటన టైపు చేసింది నేనే. అటవీ రేంజి ఆఫీసులో టైపిస్టుని.

నిజానికి ఆ పువ్వు అంతకు రెండు రోజుల ముందే మా గార్డమ్మకి కనపడింది. కొండ మీద రెండు బండల సందున ఒకే ఒక్క మొక్క, జానెడు ఎత్తు, చొక్కా గుండీ అంత నీలం పువ్వు. ఫోటో పంపిస్తే వృక్షశాస్త్రం వాళ్ళు అదేనని ధ్రువీకరించారు కూడా. అయినా కనపడటం వేరు, కనుగొనడం వేరు. గార్డమ్మ పదకొండేళ్ళుగా టెంపరరీ. టెంపరరీ వాళ్ళకి కనపడుతుంది, అంతే. కనుగొనడానికి హోదా ఉండాలి.

“నువ్వేం బాధపడకమ్మా,” అన్నారు రేంజరుగారు. “సారు ఆ పువ్వు చూసి మురిసిపోయారంటే నీ పర్మనెంటు ఫైలు మీద సంతకం పడ్డట్టే.”

ఆ ఫైలు పదకొండేళ్ళుగా నా బల్ల మీదే ఉంది. ఫ్యాను గాలికి మిగతా కాగితాలు ఎగిరిపోకుండా దాన్నే బరువు పెట్టుకుంటున్నాను.

మర్నాడు మంత్రిగారి పీఏ ఏర్పాట్లు చూడటానికి వచ్చాడు. పువ్వు చుట్టూ రెండుసార్లు తిరిగి మొహం చిట్లించాడు.

“ఇంత కింద ఉందేంటండీ? సారుకి మోకాళ్ళ నొప్పులు. వంగలేరు. దీన్ని ఓ మూడడుగులు పైకి లేపండి.”

“కదిలిస్తే చచ్చిపోతుందండీ,” అంది గార్డమ్మ.

పీఏ కాసేపు ఆలోచించాడు. “అయితే సారు నిలబడే చోట గొయ్యి తవ్వండి. సారే దిగుతారు. ప్రజానాయకుడంటే దిగిరావాలి కదా!”

మాకు ఒళ్ళు పులకరించింది. గొయ్యి తవ్వించి, అడుగున తివాచీ పరిపించాం.

“ఇంకో మాటండీ,” అంది గార్డమ్మ. “ఈ పువ్వు ఎనిమిది రోజులే ఉంటుందట. బుధవారానికి రాలిపోతుంది.”

“ఎవరి ఉత్తర్వు మీద?” అన్నారు రేంజరుగారు.

అక్కడికక్కడే నా చేత ఆర్డరు టైపు చేయించారు. అనివార్య పరిపాలనా కారణాల దృష్ట్యా పువ్వు గడువు గురువారం సాయంత్రం ఐదింటి వరకు పొడిగించడమైనది. గార్డమ్మ ఆ కాగితాన్ని బండకి అంటించి, పగలంతా మొక్కకి తన గొడుగు పట్టుకుని కూర్చుంది. గంటకోసారి దోసిట్లో నీళ్ళు తెచ్చి చిలకరించేది. బుధవారం సాయంత్రం కూడా పువ్వు నిక్షేపంగా ఉంది. మా రేంజరుగారి సంతకానికి ఉన్న విలువ అలాంటిది.

ఏ మంత్రిగారు ఎక్కడికి వచ్చినా, ముందుగా మా ఆఫీసులో ఒక పట్టిక నింపాలి. మొత్తం పదకొండు అంశాలు. మంచినీళ్ళు, కుర్చీలు, అంబులెన్సు వగైరా. ఏడోది ‘పర్యటన స్థలం చుట్టూ వంద మీటర్ల మేర పిచ్చిమొక్కల తొలగింపు’. ఇరవై ఏళ్ళుగా ఆ పట్టిక మారలేదు. ఏడో అంశం పని కాంట్రాక్టు మనుషులు గురువారం తెల్లవారగానే వచ్చి శ్రద్ధగా చేసి వెళ్ళారు. దానికెదురుగా టిక్కు పెట్టింది నేనే. అలవాటైన చెయ్యి, ఆగలేదు.

ఏడింటికి కొండెక్కి చూస్తే రెండు బండలు, ఒక గొయ్యి, ఒక ఆర్డరు. మధ్యలో నున్నటి నేల.

గార్డమ్మ అక్కడే చతికిలబడి బావురుమంది. నాకు తల కొట్టేసినట్టయింది.

“ఏడవకమ్మా, సారు వచ్చే టైమైంది,” అని ఓదార్చారు రేంజరుగారు.

ఆమె కళ్ళు తుడుచుకుని, వెతుకుతానంటూ ఎటో వెళ్ళిపోయింది.

పదిన్నరకు రావలసిన మంత్రిగారు సమయపాలన మీద మరోచోట ఉపన్యాసం ముగించుకుని పన్నెండున్నరకు వచ్చారు. హుందాగా గోతిలోకి దిగారు. నేలకేసి చూశారు.

“ఏదయ్యా పువ్వు?”

“అరుదైనది సార్,” అన్నాడు పీఏ. “అందరికీ కనపడదు.”

మంత్రిగారు వెంటనే “ఆహా!” అన్నారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. ఆ తర్వాత పళ్ళ బిగువున, “ఇంకోటి చూపించినవాళ్ళకి ఈ గోతిలోనే పర్మనెంటు ఆర్డరిస్తా,” అన్నారు.

సరిగ్గా అప్పుడే గార్డమ్మ వచ్చింది. చీర నిండా పల్లేరుకాయలు, మొహం నిండా నవ్వు. నన్ను పక్కకి లాగింది.

“బాబాయ్, అవతలి లోయలో పదిహేడున్నాయి! లెక్కపెట్టాను.”

నా ప్రాణం లేచివచ్చింది. రెక్క పట్టుకుని గోతి దగ్గరికి లాక్కుపోయాను. “సార్, ఈ అమ్మాయి మీకో మాట చెబుతుందట!”

“చెప్పమ్మా. ఇంకోటి ఉందా?”

“ఉంటే ఏం చేస్తారండీ?” అంది గార్డమ్మ.

“ఏం చేస్తానా! నాలుగు లైన్ల రోడ్డు, పార్కింగు, రోప్‌వే, వంద గదుల అతిథిగృహం. ముందర పువ్వు వాసన చూస్తున్న నా విగ్రహం!”

గార్డమ్మ నావైపు చూసింది. అలా చూడొద్దని చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

“లేదండీ,” అంది. “ఉన్నది ఆ ఒక్కటే.”

మంత్రిగారు చెక్కుచెదరలేదు. ఈ పువ్వు తమ కళ్ళెదుటే జాతికి అంకితమైందని, దానికి స్మారక మందిరం కట్టిస్తామని మైకులో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. పీఏ దుర్భిణీ పెట్టి స్థలం కోసం వెతికాడు.

“సార్, అవతలి లోయ దివ్యంగా ఉంది!”

గార్డమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. “అక్కడ ఫోను సిగ్నలు రాదండీ,” అంది.

“టీవీ లైవో?” అన్నాడు పీఏ.

“ఏదీ రాదండీ.”

మంత్రిగారు గోతిలోంచి బయటికొచ్చేశారు. “మరి ఇన్నాళ్ళూ ఆ లోయని ఎందుకుంచారయ్యా?” అని రేంజరుగారిని చీవాట్లు పెట్టి, స్మారక మందిరాన్ని బస్టాండు పక్కకి మార్చారు.

ఆ సాయంత్రం పర్యటన నివేదిక టైపు చేస్తుంటే రేంజరుగారు గార్డమ్మ ఫైలు కూడా తీయించి, ‘పదకొండేళ్ళ సర్వీసులో ఈమె చెప్పుకోదగినదేదీ కనుగొనలేదు’ అని టైపు కొట్టి సంతకానికి పెట్టమన్నారు. నా వేళ్ళు కదల్లేదు. గార్డమ్మ వెనకనుంచి వచ్చి తొంగిచూసింది.

“లోయ సంగతి ఏం రాశావు బాబాయ్?”

“చూడదగినదేమీ లేదని.”

“హమ్మయ్య,” అంది. “అయితే నా సంగతి కూడా వాళ్ళు చెప్పినట్టే రాసెయ్.”