రాసేవారు చదవరాదు

ఒక గదిలో ఉన్న ఫైలు పక్క గదిలోకి వెళ్లాలంటే పరిపాలన అనేది ఉండి తీరాలి. లేకపోతే ఫైలు తనంతట తానే వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదాన్ని నూజివీడులోని మామిడి నాణ్యతా ధ్రువీకరణ ఉపకార్యాలయం ఎంత సమర్థంగా అరికట్టిందో ఈ తరం తెలుసుకోవాలి.

ఆ ఆఫీసుకు రెండు గదులు. మొదటి గదిలో ఇన్‌స్పెక్టర్ శ్రీకాంత్ తోటలు తిరిగొచ్చి, కాయ ఎలా ఉందో రిపోర్టు టైపు చేస్తాడు. రెండో గదిలో సూపరింటెండెంట్ లక్ష్మీనరసింహారావు గారు ఆ రిపోర్టు చూసి సర్టిఫికెట్ ఇస్తారు. సర్టిఫికెట్ లేనిదే బంగినపల్లి దేశం దాటదు. ఇన్నాళ్లూ రిపోర్టు ఒక పెన్‌డ్రైవ్‌లో గది మారేది. ఆ పెన్‌డ్రైవ్ ఒకసారి అటెండర్ బసవపున్నారావు చొక్కా జేబులో ఉండిపోయి, ఉతుకూ ఇస్త్రీ పూర్తి చేసుకుని వచ్చింది. (చొక్కాకేమీ కాలేదు.) దాంతో ఆఫీసులో సర్వర్ పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

పని కాంట్రాక్టు ఆపరేటర్ షీబాకు పడింది. ముసునూరు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. మూలన పడున్న పాత కంప్యూటర్ దుమ్ము దులిపి, గోడకు కన్నం పెట్టించి, కేబుల్ లాగి, 'ఉమ్మడి' అని ఒక ఫోల్డర్ తయారు చేసి రెండు గదులకూ కలిపింది. భోజనాల వేళకల్లా శ్రీకాంత్ ఇవతల సేవ్ చేసిన ఫైలు అవతల సూపరింటెండెంట్ గారి ఎదుట తెరుచుకుంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. అంత తేలిగ్గా రావడం ఆయనకు నచ్చలేదు.

ముందుగా అక్షరం దగ్గర పేచీ వచ్చింది. ఫోల్డర్ పక్కన 'జెడ్' అని ఎందుకుందని అడిగారు. అది డ్రైవు పేరని, ఏ అక్షరమైనా ఒకటేనని షీబా చెప్పింది. ఒకటే అయినప్పుడు మన ఆఫీసుకు చివరి అక్షరం ఎందుకని ఆయన అడిగారు. దాని మీద ఒక కమిటీ వేశారు. కమిటీ 'ఎ' కావాలని సిఫారసు చేసింది. అది ఎప్పుడో పోయిన ఫ్లాపీలకు కేటాయించిన అక్షరమని తెలిశాక, గతించినవారి స్థానం ఆక్రమించడం బాగుండదని విరమించుకుంది.

తర్వాత నిబంధనలు వచ్చాయి. 'ఉమ్మడి' అన్న మాటే గొడవలకు మూలమని, వాటాలు తేల్చాలని సూపరింటెండెంట్ గారు అన్నారు. రిపోర్టు రాసినవాడు మళ్లీ తెరిచి దిద్దకూడదు కాబట్టి, శ్రీకాంత్‌కు రాసే హక్కే గాని చదివే హక్కు లేదు. పై అధికారి ఎవరి రిపోర్టులోనూ వేలు పెట్టకూడదు కాబట్టి, తమకు చదివే హక్కే గాని రాసే హక్కు లేదు. (తన అధికారాన్ని తానే తగ్గించుకున్న అధికారిని ఆ జిల్లా అప్పుడే మొదటిసారి చూసింది.) సేవ్ చేయగానే శ్రీకాంత్ తన కంప్యూటర్లో కాపీ చెరిపేయాలి. పెన్‌డ్రైవ్ దూర్చే కన్నాలన్నిటికీ లక్కతో సీలు వేశారు. ఈ ఏర్పాట్లు మార్చగల పాస్‌వర్డ్‌ను రెండు ముక్కలు చేసి, మొదటి సగం సూపరింటెండెంట్ గారు, రెండో సగం అకౌంటెంట్ విక్టర్ గారు ఉంచుకున్నారు. షీబా చేతిలో ఏమీ మిగల్లేదు. కాంట్రాక్టు ఉద్యోగిని నమ్మడానికి ఫార్మాట్ లేదు.

కాయ కోతకొచ్చింది. రెడ్డిగూడెం నుంచి ప్రమీలారాణి గారు వచ్చారు. భర్త పోయాక తోట తనే చూసుకుంటున్న మనిషి. ఏటా దళారికి ఇచ్చేసేవారు, ఈసారి మొదటిసారిగా సొంతంగా విదేశాలకు పంపాలని కాయకాయకూ కవరు తొడిగించారు. శ్రీకాంత్ చూసి, బాగుందని రిపోర్టు రాశాడు. కాయ కోసి, లారీకెక్కించి, సర్టిఫికెట్ కోసం ఆవిడ బెంచీ మీద కూర్చున్నారు.

సూపరింటెండెంట్ గారు రిపోర్టు తెరిచారు, చదివారు, మెచ్చుకున్నారు. అందులో సర్టిఫికెట్ నంబరు వేస్తే గాని ప్రింటు తీయకూడదు. నంబరు వేయబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు, ఆయనకు రాసే హక్కు లేదు. శ్రీకాంత్‌ను వేయమన్నారు. అతనికి రాసే హక్కుంది గాని, ఎక్కడ రాయాలో తెరిచి చూసే హక్కు లేదు. ఇద్దరూ గోడకు చెరోవైపు కూర్చుని ఆ పూటంతా ప్రయత్నించారు.

హక్కులు మార్చాలంటే విక్టర్ గారి సగం కావాలి. ఆయన బావమరిది పెళ్లికని సెలవు పెట్టి కావలి వెళ్లారు. ఫోన్ చేస్తే, పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పకూడదన్నది మీరు పెట్టిన రూలే కదండీ అన్నారు. సూపరింటెండెంట్ గారు ఫోన్ పెట్టేసి, ఇలాంటి మనిషి ఒక్కడుంటే చాలు ఆఫీసు నిలబడుతుందన్నారు.

ప్రమీలారాణి గారు లేచి గుమ్మం దగ్గరకు వచ్చారు.

"మీకు కనిపిస్తోంది కదండీ. బాగుందని రాసే ఉందిగా?"

"చాలా బాగుందని ఉందమ్మా. ఆ మాట నేను బయటికి చెప్పకూడదు."

శ్రీకాంత్ మళ్లీ పరీక్ష చేసి కాగితం మీద కొత్త రిపోర్టు రాస్తాడు, చేత్తో నంబరు వేయండి అని షీబా బతిమాలింది. పరీక్ష కాయ చెట్టు మీద ఉండగానే జరగాలని ఫార్మాట్‌లో ఉంది. కాయ లారీలో ఉంది. శ్రీకాంత్ ఆ గళ్లన్నీ చదివి తల దించుకున్నాడు.

మర్నాడు లారీ వేరే సరుక్కి వెళ్లిపోయింది. ట్రేలన్నీ ఒక షెడ్డులో దించారు. ఎండ మండిపోతోంది. షీబా బస్సు దిగి రోజూ ముందు షెడ్డుకే వెళ్లేది. పండితే విదేశాలకు పనికిరాదు కాబట్టి, వాసన రాకూడదని కోరుకునేది. మొదట తొడిమల దగ్గర పసుపు తిరిగింది, తర్వాత షెడ్డు బయటికే ఘుమఘుమలు వచ్చాయి. ఆ పిల్ల గేటు పట్టుకుని నిలబడి ఏడ్చింది. తనే కేబుల్ లాగింది, ఆ నిబంధనలు వద్దనలేకపోయిందీ తనే.

పండ్లన్నీ తాండ్ర చేసేవాళ్లు తీసుకెళ్లారు. ప్రమీలారాణి గారు ఒక ట్రే మాత్రం ఆఫీసుకు తెచ్చి సూపరింటెండెంట్ గారి టేబుల్ మీద పెట్టారు. ఆయన ఒక పండు కోయించుకుని తిన్నారు. పీచు లేదు, తీపి అద్భుతం, ఇంత నాణ్యమైన పండు ఈ మధ్య తినలేదని అందరి ముందూ ధ్రువీకరించారు.

విక్టర్ గారు వచ్చి తన సగం కొట్టారు. సర్టిఫికెట్ బయటికొచ్చింది. షీబా సెలవు పెట్టి, ఆటోలో రెడ్డిగూడెం వెళ్లి చేతికిచ్చింది. తప్పు తనదేనని చెప్పబోయింది. ప్రమీలారాణి గారు చెప్పనివ్వలేదు, భోజనం పెట్టారు.

"వచ్చే ఏడు దళారికే ఇచ్చేస్తానమ్మా. అతనికి చదవడమూ రాదు, రాయడమూ రాదు. లారీ మాత్రం వేళకి వస్తుంది."

సీజను ముగిశాక పైనుంచి తనిఖీ బృందం వచ్చింది. సర్వర్ నుంచి ఫైలు ఏదైనా పోయిందా, మారిందా, బయటికి పొక్కిందా అని అడిగారు. లేదని సూపరింటెండెంట్ గారు చెప్పారు. అది నిజం. ఫైళ్లు ఎవరికైనా ఉపయోగపడ్డాయా అని అడగమని షీబా కోరింది. ఆ గడి ఫార్మాట్‌లో లేదని బృందం విచారం వెలిబుచ్చింది.

సమాచార భద్రతలో జిల్లాకే ఆదర్శంగా నిలిచినందుకు ఆఫీసుకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని స్కాన్ చేసి, మరింత భద్రత కోసం చదివే హక్కు ఎవరికీ లేకుండా సర్వర్‌లో భద్రపరిచారు. ఇంతవరకు ఎవరూ చూడలేకపోయారు.