ఎలియాజరు గారి మలేరియా

శనివారం పొద్దున్నే లేవాలి, టిఫిన్ తినాలి, ఒక మాత్ర మింగాలి, ఆ తర్వాత అద్దం ముందు నిలబడి ప్రసంగం సాధన చేసుకోవాలి. ఎలియాజరు వేసుకున్న ప్లాను ఇంతే. ఇందులో ఎవరికైనా అభ్యంతరం ఉంటుందా? ఉండకూడదు. కానీ ఆయన మాత్ర మింగింది భార్య కళ్ళెదుట.

కెనడాలోని ఏజాక్స్ ఊళ్ళో తెలుగు క్రైస్తవ సహవాసం ఆఫ్రికాలోని మలావీ దేశానికి పంపే బృందంలో ఆయనకు చోటు దొరికింది. అక్కడ కొత్తగా కట్టిన చర్చిలో మొదటి ప్రసంగం ఆయనదే. ఇక్కడ ఇన్నేళ్ళుగా ఆయన చేతికి మైకు వచ్చేది కార్లు ఎక్కడ ఆపాలో చెప్పడానికి మాత్రమే. రెండో వాక్యం మొదలుపెట్టేలోగా ఎవరో ఒకరు లాగేసుకునేవారు. అందుకే మలావీ అంటే ఆయనకు ప్రాణం. విదేశాలకు వెళ్ళేవాళ్ళ క్లినిక్‌కు పోయి, మలేరియా రాకుండా మాత్రలు కూడా తెచ్చుకున్నాడు. బయలుదేరే ముందే మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్ళూ వేసుకుని, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు ఆపకూడదని నర్సు మరీ మరీ చెప్పింది.

ఇక ఆయన భార్య సంతోషకుమారికి ఒక అలవాటుంది. ఇంట్లో ఎవరు ఏ మాత్ర వేసుకున్నా సహవాసం ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రార్థన విన్నపం పెట్టాల్సిందే.

"మా వారు మలేరియా మాత్రలు మొదలుపెట్టారమ్మా. మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి," అని వాయిస్ మెసేజ్ పెట్టి, ఇడ్లీ పాత్ర కడుక్కోవడానికి వెళ్ళింది.

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. కానీ జబ్బు రాకముందే మాత్ర వేసుకునే మనిషిని మనలో ఎవరు చూశారండీ? వచ్చాక కూడా ముందు కషాయాలతో సరిపెడతాం. మాత్రల దాకా వెళ్ళాడంటే బాగా ముదిరిపోయిందన్నమాటే.

కెనడాకు చదువుల కోసం మన పిల్లలు తండోపతండాలుగా దిగుతున్న రోజులవి. ఎలియాజరు బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టెఫీ పాలకొల్లు నుంచి వచ్చి ఇంకా నెల తిరగలేదు. అందరికంటే ముందు పరుగెత్తుకుని పైకొచ్చింది. చేతిలో మిరియాల చారు గిన్నె, కళ్ళ నిండా నీళ్ళు.

"సారీ అంకుల్. అది నా సూట్‌కేసులోనే వచ్చుంటుంది."

"ఏదమ్మా?"

"దోమ అంకుల్. ఈ మంచులో ఇక్కడ దోమ ఎక్కడిది చెప్పండి? అమ్మ పచ్చళ్ళు సర్దుతుంటే లోపల దూరిపోయుంటుంది."

"నాకే జబ్బూ లేదు తల్లీ! ఇది రాకుండా వేసుకునే మాత్ర!"

"నేను బాధపడకూడదని అలా అంటున్నారు," అని ఆ పిల్ల ఇంకా ఏడ్చింది.

చారు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఎలియాజరు గిన్నె ఖాళీ చేశాడు. ఆ ఘాటుకు ఒళ్ళంతా చెమట పట్టింది. అది చూసి స్టెఫీ, అంకుల్‌కి జ్వరం విడుస్తోందని తన కాలేజీ గ్రూపులో పెట్టింది, సూట్‌కేసు సంగతితో సహా. మధ్యాహ్నానికల్లా తెలుగు పిల్లలు అద్దెకున్న ఇళ్ళ ముందర సూట్‌కేసులన్నీ నోళ్ళు తెరుచుకుని మంచులో పడున్నాయి. ఇంటివాళ్ళ ఆర్డరు.

ఆ తర్వాత బృందం ఏర్పాట్లు చూసే డేవిడ్‌సన్ ఫోన్ చేశాడు. గొంతులో విచారం ఉంది గానీ, ఉండాల్సినంత లేదు.

"అన్నా, మీరు రెస్ట్ తీసుకోండి. మలావీలో ప్రసంగం నేను చూసుకుంటాలెండి."

ఎలియాజరు ఫోన్‌లోకి అరిచాడు. "ఒరే డేవిడ్‌సన్, నాకు మలేరియా లేదురా! లేనే లేదు!"

"ఆమేన్! విశ్వాసమంటే ఇదన్నా! ఒళ్ళు కాలిపోతున్నా లేదనే పలుకుతున్నారు. ఇది అందరికీ చెప్పాలి."

చెప్పేశాడు కూడా. ఇక ఎలియాజరు ఎంత గట్టిగా లేదంటే అంత గట్టిగా ఆమేన్ వినబడసాగింది. థర్మామీటర్ చూపిస్తే ప్రార్థనా ఫలితం అన్నారు. "నువ్వైనా చెప్పవే!" అని భార్య మీద కేకలేశాడు. ఆవిడ చెప్పింది. "చూశారా, కట్టుకున్నదానికి కూడా తెలియనివ్వకుండా ఓర్చుకున్నాడు," అన్నారు అవతలివాళ్ళు. చివరికి ఆవిడకే అనుమానం వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు ఎలియాజరును ముందుకు పిలిచి, నెత్తిన చెయ్యి వేసి చాలాసేపు ప్రార్థించారు. "బ్రదర్, ఇప్పుడెలా ఉంది?" అంటూ మైకు చేతికిచ్చారు.

ఎలియాజరు మైకు వంక చూశాడు, కిక్కిరిసిన హాలు వంక చూశాడు. జబ్బు లేదంటే మళ్ళీ ఆమేన్ అంటారు. పోనీ, వచ్చి తగ్గిందంటే? తగ్గినవాణ్ణి మలావీ పంపడానికి అడ్డేముంది?

"తగ్గిపోయిందండీ," అన్నాడు.

హాలు దద్దరిల్లింది. అన్ని చప్పట్లు విన్నాక మనిషి ఆగుతాడా? ఎలా వణికాడో, పళ్ళు ఎలా టకటకలాడాయో, ఎన్ని దుప్పట్లు కప్పినా చలి ఎలా ఆగలేదో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎవరూ మైకు లాక్కోలేదు. స్టెఫీ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇదంతా తన ఇంట్లో ఎప్పుడు జరిగిందో తెలియక సంతోషకుమారి నోరు వెళ్ళబెట్టింది. ఎలియాజరుకు జన్మ ధన్యమైనట్టుంది.

అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఇంత నరకం పడ్డ మనిషిని మళ్ళీ ఆ దోమల మధ్యకు పంపితే దేవుడు మనల్ని క్షమిస్తాడా? మలావీకి డేవిడ్‌సన్ వెళ్తాడు. ఎలియాజరు గారు ఇంట్లో ఉండి కోలుకుంటారు."

హాలంతా ముక్తకంఠంతో ఆమేన్ అంది.

మర్నాడు సాయంత్రం డేవిడ్‌సన్ చూడ్డానికి వచ్చాడు. టీ తాగి, జేబులోంచి కొత్త మాత్రల డబ్బా తీసి గొంతు తగ్గించాడు.

"మీకో విచిత్రం చెప్పనా అన్నా? ఇప్పుడే క్లినిక్ నుంచి వస్తున్నా. మలేరియా రాకముందే వేసుకునే మాత్రలున్నాయట! ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలట! మన వాళ్ళలో ఒక్కరికి తెలిస్తే ఒట్టు. మీకు ముందే ఎవరైనా చెప్పుంటే, పాపం, ఇంత జబ్బు పడేవారే కాదు కదా!"

ఎలియాజరు నోరు తెరిచాడు. నిన్న తాను హాలంతటికీ చెప్పిన వణుకు గుర్తొచ్చి మూసుకున్నాడు.

"అలాగా," అన్నాడు ఎలియాజరు. "నాకు తెలీదు సుమా."