మునస్వామి నడిపితే గుంతే లేదు

గుంతల రోడ్లను తిట్టేవాళ్ళకు బుద్ధి లేదు! మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెరోడ్లు రోడ్లనుకుంటున్నారా? కావండీ, ప్రయోగశాలలు! నమ్మకపోతే పుంగనూరు దగ్గరి తేజస్వినిని అడగండి.

ఆమె బెంగళూరులో బండ్ల ఇరుసులు, అదే యాక్సిళ్ళు చేసే ఒక కంపెనీలో ఇంజనీరు. యాక్సిల్ ఎన్ని కుదుపులకు అలిసిపోతుందో, ఎక్కడ పగులుతుందో, ఎప్పుడు పుటుక్కుమంటుందో ముందే కంప్యూటర్లో చూసి చెబుతుంది. మనిషి అలసటనే ఎవరూ పట్టించుకోని కాలంలో ఇనుము అలసటకు ఎంత మర్యాదో చూడండి!

ఈసారి ఆమె లెక్క కట్టాల్సింది చిన్న వ్యాన్ల యాక్సిల్‌కు. అలాంటి వ్యాన్‌లోనే వాళ్ళమ్మ యశోదమ్మ టమోటా బాక్సుల మధ్య కూర్చుని రోజూ మదనపల్లె మార్కెట్టుకు పోతుంది. లెక్క తప్పితే అమ్మ రోడ్డున పడుతుంది. ఆ భయంతో పిల్లకు అన్నం సయించడం లేదు.

కంప్యూటర్‌కు కుదుపులు కావాలి కదా! మేనమామ మునస్వామి వ్యాన్‌కు కుదుపులు కొలిచే సెన్సార్లు బిగించి, ఆయన నడుపుతుంటే పక్కన కూర్చుని కుప్పం దాకా తిరిగొచ్చింది. యాక్సిల్‌కు నూరేళ్ళ ఆయుష్షని తేల్చింది కంప్యూటర్!

తేల్చదా మరి? మునస్వామికి ప్రతి గుంతా దగ్గరి చుట్టమే. ఒకదానికి ఎడంగా, ఇంకోదానికి కుడిగా, మరోదానికి పక్క మట్టిలోకి దిగి మరీ పోయాడు. సెన్సార్లు హాయిగా నిద్రపోయాయి.

“మామా, ఈసారి గుంతలో దించు మామా!” అని బతిమాలింది తేజస్విని.

“యాల పాపా? ఇన్నేండ్లుగా తప్పిస్తాండాను. దించమంటే సేతులు ఒప్పుకోవు.”

కళ్ళు మూసుకోమంది. మూసుకున్నాడు. అయినా గుంత రాగానే బండి వంకర తిరిగింది!

చివరికి తానే స్టీరింగ్ పట్టి ఒక్క గుంతనూ వదలకుండా బండిని దించింది. ఈసారి యాక్సిల్ రెండేళ్ళకే పగిలిపోతుందని తేలింది. అసలు లెక్క దొరికిందని తేజస్విని ఎగిరి గంతేసింది! ఇనుము మార్చింది, మందం పెంచింది. ఇక అది విరిగే ప్రశ్నే లేదు. గుంతల చలవ కాదూ?

“యాక్సిల్ విరగదు సరేనమ్మా,” అంది యశోదమ్మ నడుం పట్టుకుని, “లోపల కూర్సున్నోళ్ళ సంగతేంది?”

అమ్మ నడుమును ఏ కంప్యూటర్లో పెట్టాలి? రోడ్డు బాగుచేయించడం ఒక్కటే దారి. తేజస్విని రెండు లెక్కలూ పట్టుకుని రోడ్ల ఆఫీసుకు పోయింది.

పెద్దసారు రెండూ శ్రద్ధగా చూశాడు.

“ఇది ఎవరు నడిపింది?”

“మా మామ సార్.”

“ఇది?”

“నేనే సార్.”

సారు మొహం విప్పారింది. “అదీ సంగతి! మీ మామ పోతే ఒక్క కుదుపూ లేదు. అదే రోడ్డు, అదే బండి. నువ్వు పోతే అన్నీ గుంతలే! రోడ్డు బంగారంలా ఉండాది తల్లీ. పోయి డ్రైవింగ్ నేర్చుకో.”

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, గుంతలు తప్పించడంలో మనమంతా ఆరితేరిపోయాం. రోడ్డు వేయనివాళ్ళను ఇన్నాళ్ళూ కాపాడుతూ వస్తున్నది మనమే!