పక్క కౌంటరును సంప్రదించండి

శనివారం పొద్దున క్లిఫర్డ్ ఎంట్విసిల్ రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. మొదటిసారి సరిగ్గా తెగక కాదు. గీసుకుంటున్నంతసేపూ అద్దంలో మనిషితో మాట్లాడుకోవచ్చని. "బెరిల్, మీరు వెళ్ళకండి" అన్నాడు. మరీ బతిమాలుతున్నట్టుంది. "బెరిల్, నాదొక మనవి" అన్నాడు. అది మురుగుకాలవ బాగుచెయ్యమని ఇచ్చే అర్జీలా ఉంది. చివరికి పొయ్యి మీది కెటిల్ వైపు తిరిగి, "నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అన్నాడు. కెటిల్ ఈల వేసింది. శుభశకునం అనుకుని కోటు తొడుక్కున్నాడు.

మా క్లెగ్‌బరీలో ఇనుపసామాన్ల కొట్టు నడిపిన మనిషి. మేకుల గురించి, తాళాల గురించి, తలుపు బందుల గురించి ఎంతసేపైనా మాట్లాడగలడు. మనసులో మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతులో వెలక్కాయ పడేది. ఊళ్ళో బ్యాంకు ఉన్న రోజుల్లో శుక్రవారం శుక్రవారం కొట్టు సంచీ పట్టుకుని మూడో కౌంటరుకి వెళ్ళేవాడు. ఇత్తడి కమ్మీల వెనక బెరిల్ హాల్‌స్టెడ్ కూర్చునేది. "ఏం కావాలండీ, మిస్టర్ ఎంట్విసిల్?" అని ఆమె అడగడం, "మామూలేనండీ" అని ఇతను అనడం. అంతే. వాళ్ళ ప్రేమకథకి ఏళ్ళ తరబడి ఉన్న సంభాషణంతా అదే.

మధ్యాహ్నం భోజనానికి లేస్తూ ఆమె కమ్మీల ముందు ఒక చెక్కబోర్డు నిలబెట్టేది. 'ఈ కౌంటరు మూసివేయబడినది. పక్క కౌంటరును సంప్రదించండి' అని దాని మీద ఉండేది. అందరూ బుద్ధిగా రెండో కౌంటరుకి జరిగేవారు. క్లిఫర్డ్ ఒక్కడే ఆమె తిని వచ్చేదాకా ఆ బోర్డు ముందే నిలబడి ఉండేవాడు. సంగతి ఊరందరికీ తెలుసు, వాళ్ళిద్దరికీ తప్ప.

తర్వాత బ్యాంకు మూసేశారు. పాలరాతి స్తంభాలు, గుమ్మటం, గుమ్మం ముందు రాతి సింహాలు కొన్నాళ్ళు పావురాల పాలయ్యాయి. ఈ మధ్యే అందులో పబ్బు పెట్టారు. దానికి 'నిజాయితీ గుమాస్తా' అని పేరు కూడా పెట్టారు. బ్యాంకు నడిచినన్నాళ్ళూ అక్కడ ఎవరికీ దక్కని బిరుదు పబ్బుకి దక్కిందని గిట్టనివాళ్ళు అన్నారు.

బెరిల్ ఇల్లు అమ్మేసి, సముద్రపు ఒడ్డున ఉండే చెల్లెలి దగ్గరికి మకాం మార్చేస్తోంది. ఆ మధ్యాహ్నమే ప్రయాణం. ముందురోజు క్లిఫర్డ్‌కి ఫోన్ చేసింది. "వెళ్ళేముందు ఒకసారి ఆ బ్యాంకు చూడాలనుంది. మా మూడో కౌంటరు అలాగే ఉంచారట. భోజనాల వేళకి అక్కడికి రండి. చెప్పాల్సిందేమన్నా ఉంటే అక్కడే చెబుదురుగాని" అంది. క్లిఫర్డ్ మొద్దేగాని, మరీ అంత మొద్దు కాదు. ఇదే ఆఖరి అవకాశమని అర్థమైంది.

పబ్బుకీ బ్యాంకుకీ ధర్మాలు వేరు. మా వైపు పబ్బులో లైను కట్టం. బల్లకి ఆనుకుని నిలబడతాం. ఎవరి ముందు ఎవరొచ్చారో పోసేవాళ్ళకీ తెలుసు, తాగేవాళ్ళకీ తెలుసు. బ్యాంకులోనైతే ఒకరి వెనక ఒకరు, మధ్యలో మర్యాదైన జాగా వదిలి నిలబడతాం. ఈ రెండు ధర్మాలూ ఒకే గోడల మధ్య ఇరుక్కోవడంతో వచ్చింది చిక్కు.

క్లిఫర్డ్ ముందే వచ్చాడు. బీరు పోసే కొత్త బల్ల హాలుకి అటు చివర ఉంది. ఇటు పక్క పాత కౌంటర్లని అందానికి ఉంచేసి, మూడోదాని వెనక ఒక పూలకుండీ పెట్టారు. అతను వెళ్ళి, కాళ్ళకి అలవాటైన చోట నిలబడ్డాడు. జేబులో ఉంగరం తడుముకుంటూ, కమ్మీల్లోంచి ఆ మొక్కని చూస్తూ పాఠం వల్లెవేసుకుంటున్నాడు.

బడిపంతులుగా రిటైరైన పిల్లింగ్ మాస్టారు లోపలికొచ్చారు. పాత కౌంటరు ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ళు కూడా ఆ నేలకి అలవాటైనవే. వెళ్ళి మర్యాదైన జాగా వదిలి వెనక నిలబడ్డారు. ఇద్దరు నిలబడ్డాక అది లైను. లైను కనిపించాక ఎందుకని అడగడం మా ఊళ్ళో తప్పు, చేరకపోవడం ఇంకా తప్పు. చూస్తూ ఉండగానే లైను తోక స్తంభాలు చుట్టి, తలుపు దాటి, సింహాల దాకా పాకింది.

బ్యాంకు గుమ్మం ముందు లైను కనిపించేసరికి బజారులో వాళ్ళు బ్యాంకు మళ్ళీ తెరిచారనుకున్నారు. బ్యాంకు పని మీద పక్క ఊరికి రెండు బస్సులు మారి పోయి వస్తున్న ముసలివాళ్ళు ఇళ్ళకి పరిగెత్తి పాసుపుస్తకాలు తెచ్చుకున్నారు. పబ్బు యజమానురాలు లొరెయిన్‌కి మాత్రం ప్రాణం కొట్టుకుపోతోంది. హాలు నిండా జనం ఉన్నారు, బల్ల దగ్గర పురుగు లేదు. బీరు అటువైపు దొరుకుతుందని లైను పొడుగునా మొత్తుకుంది. ఎవరూ కదల్లేదు. చోటు పోతే మళ్ళీ వస్తుందా? పాసుపుస్తకాలవాళ్ళయితే ఇది లైను తగ్గించే ఎత్తుగడ అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఆమె చివరికి క్లిఫర్డ్ దగ్గరికొచ్చింది. "అయ్యా, మొదట నిలబడింది మీరే. మీరు కదిలితే అందరూ కదుల్తారు. ఇంతకీ ఎందుకు నిలబడ్డారు?"

"ఒకావిడ కోసమండీ. ఇక్కడికే రమ్మంది."

పిల్లింగ్ మాస్టారు మెడ ముందుకి చాచారు. "నువ్వెళ్ళాలంటే వెళ్ళవయ్యా. నీ తర్వాత నేను" అన్నారు.

క్లిఫర్డ్ ఎలా వెళతాడు? మూడో కౌంటరు దగ్గర అని బెరిల్ చెప్పింది. ఆమె వచ్చేసరికి తను లేకపోతే అయిపోయినట్టే. తలుపు వైపు చూద్దామంటే మధ్యలో స్తంభాలు, టోపీలు. ఫోన్ చేద్దామంటే అది ఇంట్లో కెటిల్ పక్కన ఉంది. భోజనాల వేళ వచ్చింది, దాటిపోతోంది కూడా. ఆమె ఇక రాదేమోనని అతనికి భయం పట్టుకుంది. జీవితంలో మొదటిసారి మాట సిద్ధం చేసుకొస్తే, వినే మనిషి లేదు. క్లిఫర్డ్‌కి ఏడుపొచ్చింది.

బెరిల్ ఎప్పుడో వచ్చింది. సింహాల దగ్గర ఉంది.

వస్తూనే లైను చూసి, చివరివాడిని ఇదెక్కడికని అడిగింది. మూడో కౌంటరుకన్నాడు. తను వెళ్ళాల్సింది అక్కడికే. కాబట్టి వెనక నిలబడింది. పక్కనుంచి వెళ్ళి చూసి రావచ్చుగా అని మీరనవచ్చు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ లైను తప్పి వచ్చినవాళ్ళని, పాదరీ అయినా సరే, వెనక్కి పంపిన మనిషి ఆమె. ఇప్పుడు తనే ఆ పని చేస్తే ఏ ముఖం పెట్టుకుని బతకాలి? లోపల క్లిఫర్డ్ ఎదురుచూస్తుంటాడని తెలుసు. విసిగి వెళ్ళిపోతాడేమోనని భయంగానే ఉంది. అయినా తన వంతు రావాలి కదా.

లొరెయిన్ గుమ్మం బయటి తోకని బతిమాలుకుంటూ వచ్చి, బెరిల్ దగ్గర ఠక్కున ఆగింది. లోపల గోడ మీద బ్యాంకు సిబ్బంది పాత ఫొటో ఒకటి ఉంది. అందులో నడుమ కూర్చున్నావిడ జుట్టుముడి ఏదో, ఈ ముడి అదే.

"అమ్మా, ఫొటోలో ఉన్నది మీరేగా? మూడో కౌంటరు మీదేగా? వచ్చి వీళ్ళకి ఒక్క మాట చెప్పండి. నా మాట కుక్క కూడా వినడం లేదు."

"నా ముందు ఇంతమంది ఉన్నారమ్మాయ్. వాళ్ళని దాటి ముందుకెలా వస్తాను?"

లొరెయిన్ ఒక్క క్షణం ఆలోచించింది. "మీరు లైనుకి ముందుకి రావడం లేదమ్మా. కౌంటరుకి వెనక్కి వెళుతున్నారు. స్టాఫు."

ఆ మాటకి తిరుగులేదు. లైను కూడా ఒప్పుకుని దారిచ్చింది.

కమ్మీల వెనక పూలకుండీ పక్కకి జరిగింది. క్లిఫర్డ్ తల ఎత్తేసరికి, కోటు భుజాలు సరిచేసుకుంటూ బెరిల్ కూర్చుంటోంది. ఆమె కూడా అప్పుడే అతన్ని చూసింది. అనాల్సినవి ఎన్నో ఉన్నాయి గాని, ఆ కుర్చీలో కూర్చున్నాక నోరు దాని మాట అది అనేసింది.

"ఏం కావాలండీ, మిస్టర్ ఎంట్విసిల్?"

అద్దం ముందు నేర్చుకున్నదీ, కెటిల్‌కి వినిపించినదీ ఒక్క ముక్కా మిగల్లేదు. వెనకనుంచి పిల్లింగ్ మాస్టారు, "కానీవయ్యా, జనం ఉన్నారు" అని గొణిగారు.

"ఈసారి మామూలు కాదండీ" అన్నాడు క్లిఫర్డ్. "మీరు సముద్రం దగ్గరికి వెళ్ళకండి. మీరు లేకపోతే నాకీ ఊళ్ళో ఏమీ లేదు. నన్ను పెళ్ళి చేసుకోండి."

ఉంగరం కమ్మీల కిందినుంచి, ఒకప్పుడు సంచీ తోసినట్టే, లోపలికి తోశాడు. పిల్లింగ్ మాస్టారు సంగతి తన వెనకవాళ్ళకి చెప్పారు. వాళ్ళు తమ వెనకవాళ్ళకి చెప్పారు. సింహాల దగ్గరికి చేరేసరికి అది 'పెళ్ళి దరఖాస్తులు కూడా ఇక్కడే తీసుకుంటున్నారట' అని తేలింది. అక్కడున్న జంట ఒకటి సంతోషించి, లైనులో ఇంకాస్త ముందుకి జరిగింది.

బెరిల్ ఉంగరం వైపు చూసింది. అతని వైపు చూసింది. కింద సొరుగు లాగింది. పాత చెక్కబోర్డు అందులోనే ఉంది. తీసి, కమ్మీల ముందు నిలబెట్టింది.

'ఈ కౌంటరు మూసివేయబడినది. పక్క కౌంటరును సంప్రదించండి.'

లొరెయిన్ అంతసేపు అరిచినా కదలని లైను, ఆ బోర్డు చూడగానే నోరెత్తకుండా, వరస చెదరకుండా రెండో కౌంటరుకి జరిగింది. వెళుతూ వెళుతూ పిల్లింగ్ మాస్టారు క్లిఫర్డ్ భుజం తట్టారు. చావు పలకరింపుల్లో తట్టినట్టు తట్టారు.

క్లిఫర్డ్ కదల్లేదు. కాదన్నదని తెలిసింది. ఇంటికి పోవాలనీ తెలిసింది. కాని ఆ బోర్డు ముందు నిలబడటం తప్ప ఇంకొకటి చెయ్యడం అతనికి ఏనాడూ చేతకాలేదు.

పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుంది. బెరిల్ ఇవతలికొచ్చింది. కౌంటరుకి ఇవతల అతని పక్కన ఆమె నిలబడటం అదే మొదటిసారి. వేలికి ఉంగరం ఉంది.

"కౌంటరు తెరిచి పెట్టి రాకూడదు కదా, క్లిఫర్డ్" అంది. "ఇన్నేళ్ళలో బోర్డు పెట్టాక కూడా నిలబడింది మీరొక్కరే. ఈవేళ కూడా నిలబడతారో లేదోనని భయపడి చచ్చాను."

ఆ ఆనందంలో అతనికి అలవాటైన మాట ఒక్కటే బయటికొచ్చింది. "మామూలేనండీ" అన్నాడు. ఆమె నవ్వి, అతని చెయ్యి పట్టుకుని బీరు బల్ల వైపు నడిపించుకుపోయింది. లొరెయిన్‌కి ఆ రోజు మొదటి బేరం వాళ్ళే.

రెండో కౌంటరు వెనక ఉన్నది చీపుళ్ళ గది. అయినా లైనులో మొదటి చోటు దక్కినందుకు పిల్లింగ్ మాస్టారు చాలా తృప్తిగా ఉన్నారు.